పెంటకుప్ప మీద వాన

జహీరాబాద్ నుంచి వచ్చిన బస్సు నన్ను మొదటిసారి హైదరాబాద్‌లో దింపింది ఇమ్లీబన్‌లోనే. 2009 జూలై. బయల్దేరే ముందు నాయిన ఒక్కటే అడిగాడు: "ఆ బస్టాండు ఏట్ల నడిమిట్ల ఉంటదట, నిజమేనా?" నిజమే. మూసీ రెండు పాయల మధ్య దిబ్బ మీద 1994లో మొదలైన బస్టాండు అది. ఏటి మధ్యలో దిగుతున్నానని ఎంత ఊహించుకుని వచ్చానో! దిగాక నీళ్లు కనపడలేదు, వాసన వచ్చింది. ఇమ్లీబన్ అంటే చింతతోపు. ఆ పేరులోని పులుపు కూడా ఆ వాసనని ఆపలేకపోయింది.

నాది చిరాగ్‌పల్లి వైపు. జాతీయ రహదారి 65, మేం ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డు అనే పిలుస్తాం, కర్ణాటకలోకి దాటే చోటు. ఊరి పేరులో దీపం ఉంది గానీ మా చిన్నప్పుడు ఆ ఊరిని అందరూ గుర్తుపట్టింది చెక్‌పోస్టుతో. జీఎస్టీ వచ్చి 2017 జూలైలో పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా లారీలు బారులు తీరి ఆగేవి. ఆగిన లారీ ఊరికే ఆగదు. కింద ఆయిల్ కారుతుంది, పక్కన అన్నం వండుకుంటారు, ఉల్లిపొట్టు, సిగరెట్ పెట్టెలు, చిరిగిన టార్పాలిన్ ముక్కలు. లారీ పొద్దున్నే సోలాపూర్ దిక్కు పోతుంది. అది వదిలింది మాత్రం అక్కడే ఉంటుంది, వాన పడేదాకా. వాన పడ్డాక రోడ్డు మీది ఆ నల్లటి నీళ్లు పల్లం వెతుక్కుంటూ చేలల్లోకి దిగేవి. లారీవాడి దృష్టిలో అది దారిలో ఓ మజిలీ. చేనుగల్లోడికి అదే గమ్యం.

ఈ వ్యాసం చెత్త గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే చెత్తని తాకిన వాననీటి గురించి. అందులోనూ చెత్త పుట్టిన ఇంటి దగ్గరా, చేరిన గుట్ట దగ్గరా కాకుండా మధ్యలో ఆగే చోట, అంటే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ దగ్గర, ఆ నీరు ఏమైంది అన్న చరిత్ర గురించి. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ చరిత్ర ఎక్కడా ఒక చోట లేదు. వరదల పుస్తకాల్లో నీటి లెక్క ఉంటుంది, చెత్త ఉండదు. చెత్త నివేదికల్లో టన్నులు ఉంటాయి, నీళ్లుండవు.

ముందు పెంటకుప్ప గురించి చెప్పాలి. మా ఇంట్లో పశువుల పేడ, కొట్టంలో ఊడ్చిన గడ్డి, పొయ్యిబూడిద అన్నీ ఇంటి వెనక కుప్పకి చేరేవి. మృగశిర కార్తె దగ్గర పడుతుంటే నాయిన పార తీసుకుని కుప్ప పైవాలున జానెడు లోతు కాలువ తీసేవాడు, వంకరగా, కుప్పని చుట్టుకుని పోయేలా. కింది వాలున మట్టితో చిన్న ఒడ్డు. నాకు పదేళ్లప్పుడు ఎందుకని అడిగితే ఆయన చెప్పింది ఇప్పటికీ ఇట్లే గుర్తుంది: "పైనుంచి వచ్చే నీళ్లు కుప్పను ముట్టొద్దు. కుప్పను ముట్టిన నీళ్లు బయటికి పోవద్దు." పై నీళ్లు కుప్పలోకి వస్తే సారమంతా కడుక్కుపోతుంది. కుప్ప నీళ్లు బయటికి పోతే అదే సారం పక్కవాడి చేనులో పడుతుంది. బండ్లకెత్తి చల్లే ఎరువుకి బలం ఉండాలంటే ఈ రెండూ జరగకూడదు. అంతకన్నా ఆయనకి వేరే సిద్ధాంతమేం లేదు.

చాలా ఏళ్ల తర్వాత చెత్త కేంద్రాల్లో వాననీటి నిర్వహణ గురించి చదువుతుంటే నవ్వొచ్చింది. సూత్రం అదే. చెత్తని తాకని నీటిని దూరంగా మళ్లించు, తాకిన నీటిని లోపలే పట్టు, రెండింటినీ కలవనివ్వకు. చెత్త దించే చోటుకి పైకప్పు వెయ్యాలి. నేల సిమెంటుతో గట్టిగా ఉండి వాలు లోపలికి ఉండాలి, జాలీ కింద గుంటలోకి. గేటు దగ్గర అడ్డంగా ఎత్తు చేసిన దిమ్మె ఉండాలి, రోడ్డు నీళ్లు లోపలికీ లోపలి నీళ్లు రోడ్డు మీదికీ రాకుండా. బయటికి పోయే బండ్ల చక్రాలు కడగాలి, ఆ కడిగిన నీళ్లు కూడా గుంటలోకే. గుంట నిండకముందే ట్యాంకరు వచ్చి తోడుకుపోవాలి. నాయిన పారతో చేసినదాన్నే కాంక్రీటుతో చెయ్యడం. తేడా ఒక్కటే. ఆయనకి కుప్పలోంచి కారే నీరు ఆస్తి, నగరానికి అది బరువు. ఆస్తిని ఎవరైనా కాపాడుకుంటారు.

చదువు అయిపోయాక నేను అద్దెకున్న ఒక గదికి దగ్గర్లో అలాంటి కేంద్రం ఒకటుండేది. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. తెల్లారుజామున ఆటోలు వరసగా వచ్చేవి, తడి పొడి కలిసిన చెత్త నేల మీద పోసేవి, జేసీబీ దాన్ని ఎత్తి పెద్ద టిప్పర్లలో వేసేది. మధ్యాహ్నానికి నేల ఖాళీ. "ఇక్కడ చెత్త ఉండదు సార్, వచ్చి పోతది," అన్నాడు గేటు దగ్గర టీ అమ్మే అతను, ఇంటి అద్దె గురించి నేను వెనకాడుతున్నానని గమనించి. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ ఖాళీ నేల మీద వేలితో గీస్తే గీత పడేంత మడ్డి. వానాకాలం మొదటి జల్లుకి ఆ మడ్డి అంతా టీ డికాక్షన్ రంగులో గేటు దాటి, రోడ్డు దాటి, వాననీటి కాలువ జాలీలోకి. ఆ కాలువ నాలాలోకి, నాలా మూసీలోకి. అదంతా ఇరవై నిమిషాల్లో అయిపోయేది. తర్వాత పడే వానకి నీళ్లు తేటగానే కనిపించేవి. అందుకే ఫిర్యాదు చేసినా చూడ్డానికి వచ్చేసరికి ఏమీ ఉండేది కాదు.

చిన్న లెక్క ఒకటి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. కప్పు లేని ఎకరం యార్డు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు. మన బస్తీలకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై కావాలి, ఒక్క సాయంత్రానికి. అన్ని ట్యాంకర్లు ఎవడూ పంపడు. కానీ మురికంతా మొదటి పది మిల్లీమీటర్లలోనే ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టాలంటే ఎనిమిది ట్యాంకర్లు, లేదా నలభై వేల లీటర్ల గుంట ఒకటి. దించే చోటుకి కప్పు వేసి ఆ కప్పు నీళ్లు విడిగా పంపితే గుంట ఇంకా చిన్నదైనా సరిపోతుంది. ఇది చేతకాని పనేమీ కాదని చెప్పడానికే ఈ లెక్క.

మరి ఎందుకు జరగలేదు? దీనికి నాకు దొరికిన జవాబు 1908లో మొదలవుతుంది.

ఆ సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచింది. శంషాబాద్ దగ్గర ఒక్కరోజులో 12.8 అంగుళాల వాన. 15,000 మంది దాకా చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఈ కథ అందరూ చెప్పేదే. తక్కువ మంది చెప్పేది ఏమిటంటే, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిచినప్పుడు అప్పగించిన పని వరద ఒక్కటే కాదు. ఊరిని తిరిగి కట్టడం, మళ్లీ వరద రాకుండా చూడటం, హైదరాబాద్‌కీ చాదర్‌ఘాట్‌కీ కలిపి పూర్తి మురుగునీటి పథకం తయారుచేయడం, మూడూ. చాదర్‌ఘాట్ పేరు ప్రత్యేకంగా ఉంది చూడండి, అప్పట్లో అది వేరే మున్సిపాలిటీ. ఏటి ఆనకట్ట మీంచి నీరు దుప్పటి పరిచినట్టు జారేది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒక మాట. ఇప్పుడు ఆ దుప్పటి రంగు గురించి ఎవరూ పేరు పెట్టరు.

విశ్వేశ్వరయ్య చేసిన పనిలో నాకు బాగా నచ్చేది ఆయన చెరువుల్ని లెక్కపెట్టించడం. మూసీ పరివాహకంలో 788 చెరువులుంటే అందులో 221 తెగాయని తేల్చాడు. అంటే వరద ఆకాశం నుంచి మాత్రమే రాలేదు, ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడి అది తెగి ఇంకోదాని మీద పడి వచ్చింది. నీళ్లకి మధ్యలో మజిలీలుంటాయనీ, ఆ మజిలీల్లో జరిగేదే కింద తేలుతుందనీ ఆ నివేదిక చెబుతుంది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి బోర్డు బస్తీలని తిరగరాసింది. 1931 నాటికి భూగర్భ మురుగు కాలువలొచ్చాయి, 54 చదరపు కిలోమీటర్లకి, 4.68 లక్షల జనాభాకి సరిపోయేలా. ఆ కాలానికి అది గొప్ప పని, అందులో సందేహం లేదు.

కానీ ఆ పథకంలో మురికి అంటే మరుగుదొడ్డి నీళ్లు, వంటింటి నీళ్లు. చెత్త అప్పటికి ఎడ్లబండి మీద పోయే పదార్థం. అందులో బూడిద, ఆకులు, పేడ ఉండేవి, ఊరి చివర చేలకి పనికొచ్చేది. దానికి ఇంజనీరు అక్కర్లేకపోయింది. తర్వాత బూడిద పోయింది, ప్లాస్టిక్ వచ్చింది, ఊరి చివర అనేదే లేకుండా పోయింది. గోపన్నపల్లి చెరువో గంధంగూడ దిబ్బో, ఊరు పెరిగినకొద్దీ చెత్త వేసే చోటు దూరం జరిగింది. ఈ శతాబ్దం మొదట్లో చెత్త జవహర్‌నగర్‌కి చేరింది, మూడు వందల ఎకరాలకి పైన. పాతబస్తీ నుంచి అది పాతిక ముప్పై కిలోమీటర్లు. చిన్న బండి రోజూ అంతదూరం పోయి రాలేదు కదా. మధ్యలో ఒక చోట దించి పెద్ద బండికి ఎత్తాలి. అలా ట్రాన్స్‌ఫర్ స్టేషన్ అనే మజిలీ అవసరమైంది.

ఎక్కడ పెట్టాలి? ఊరి నడిమధ్య ఉండాలి, లేకపోతే ఆటోల డీజిల్ దండగ. ఎవరిదీ కాని ప్రభుత్వ జాగా కావాలి. ఇరుగుపొరుగు గొడవ చేయకూడదు. హైదరాబాద్ నడిమధ్య ఈ మూడూ కలిసే చోటు ఎక్కడుంటుంది? నీటి పక్కన. పాత పేర్లు చూడండి. ఒకటి ఇమ్లీబన్, మూసీ ఒడ్డు. ఒకటి లోయర్ ట్యాంక్‌బండ్, అంటే ఊరికన్నా ముందే, 1560ల్లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్ కట్ట కింద. యూసుఫ్‌గూడ ఒకటి మినహాయింపు అనుకోవచ్చు. కుట్ర ఏమీ లేదు ఇందులో. నీటి పక్క జాగాని ఎవరూ తమదనరు కాబట్టి అది ఖాళీగా దొరుకుతుంది. 1908 తర్వాత ఏటి ఒడ్డుని కడిగి ఆస్పత్రి, హైకోర్టు, తోటలు కట్టిన ఊరే, ఎనభై తొంభై ఏళ్లకి అదే ఒడ్డుకి చెత్త తెచ్చి దించింది.

చట్టం ఏమనేదో చూద్దామని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తీశాను. ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువుకి 200 మీటర్లు, ఇళ్లకీ హైవేకీ తాగునీటి బావులకీ 200 మీటర్లు దూరం ఉండాలని వాటిలో ఉండేది. వాననీటి కాలువలు చుట్టూ మళ్లించి, లోపలి నీరు వాగులో చెరువులో కలవకుండా చూడాలని కూడా ఉండేది. నాయిన చదివితే "ఇది నేను చెప్పిందే గద" అనేవాడు. ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి ఆ నియమాలు ఒక నిర్వచనం ఇచ్చాయి: చెత్త సేకరించిన ప్రాంతాల నుంచి అందుకుని, కప్పిన బండ్లలో ఎక్కువ మొత్తంగా ముందుకు పంపే సదుపాయం. నిర్వచనంలో దూరం లేదు. చెత్త అక్కడ ఉండదు, వచ్చి పోతుంది. ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లూ, గేటు దగ్గర టీ అమ్మే అతనూ ఒకే మాట అన్నారు.

చివరి గుట్ట దగ్గర ఏం జరిగిందో మాత్రం రికార్డులో ఉంది, ఎందుకంటే అక్కడ నీరు దాక్కోలేకపోయింది. జవహర్‌నగర్ గుట్ట కింద మల్కారం చెరువు నల్లబడింది. వాన గుట్టలోకి ఇంకి, కుళ్లిన చెత్త గుండా కిందికి దిగి, పులిసిన నల్లటి రసంగా కారుతుంది, దాన్నే లీచెట్ అంటారు. చుట్టుపక్కల కాలనీల జనం ఏళ్ల తరబడి పోరాడారు, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. తర్వాత గుట్టకి మట్టి, ప్లాస్టిక్ పొర, మళ్లీ మట్టి, పైన గడ్డి కప్పారు, వాన లోపలికి పోకుండా. 2023 ఏప్రిల్‌లో రోజుకి 20 లక్షల లీటర్ల లీచెట్ శుద్ధి చేసే ప్లాంటు మొదలైంది. ఆలస్యంగానైనా మంచి పనే. కానీ అక్కడికి చేరకముందే దారిలో కారిపోయిన రసానికి ఏ ప్లాంటూ లేదు.

దారిలో కారడం గురించి ఒక మాట. 2015 నవంబరులో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి, వీధి చివర చెత్తకుండీలు పోయాయి, అందరం సంతోషించాం. 2020 తర్వాత కొన్ని కేంద్రాల్లో చెత్తని నేల మీద పోయకుండా నేరుగా మూసిన కంటైనర్లోకి నొక్కే యంత్రాలు పెట్టారు. కంటికి శుభ్రం. కాకపోతే మన చెత్తలో సగానికి పైగా తడే. చెరకు గానుగలో పెట్టినట్టు దాన్ని నొక్కితే రసం వస్తుంది. మాది చెరకు పండే ప్రాంతం కాబట్టి నాకీ పోలిక వెంటనే తట్టింది. గానుగ కింద గిన్నె పెట్టడం ఎవరూ మర్చిపోరు. ఇక్కడ కంటైనర్ కింద గిన్నె నిండితే ఎక్కడ పోస్తున్నారన్నదే అడగాల్సిన ప్రశ్న. పెద్ద బండి వెనక రోడ్డు పొడుగునా పడే తడి గీత హైదరాబాద్‌లో బండి నడిపే ప్రతివాడికీ తెలుసు. వానలో దాని మీద స్కూటర్ జారినవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

నాయిన మాటలోని 'ముట్టొద్దు' అనే క్రియ నన్ను ఇంకో రకంగా కూడా ఇబ్బంది పెడుతుంది. మన భాషలో ఆ మాటకి వేరే చరిత్ర ఉంది. వాన పడ్డ రోజు ఆ డికాక్షన్ రంగు నీళ్లలో పిక్కలదాకా నిలబడి జాలీకి అడ్డం పడ్డ కవర్లు చేత్తో తీసేవాళ్లు ఏ కులాలవాళ్లో నేను వేరే చెప్పక్కర్లేదు. రక్షణ బూట్లిచ్చినా అవి పైనుంచి నిండుతాయి. చెత్తని తాకిన నీరు ముందు తాకేది మూసీని కాదు, వాళ్ల కాళ్లని. కప్పు, గుంట, దిమ్మె అని పైన నేను రాసిన ఇంజనీరింగ్ అంతా మొదట వాళ్ల కోసం కావాలి. ఏటి ప్రక్షాళన పథకాల బొమ్మల్లో నడకదారులు కనిపిస్తాయి, ఈ కాళ్లు కనిపించవు.

2020 అక్టోబరు వరదల తర్వాత నాలాల అభివృద్ధికని ఒక పథకం వచ్చింది, నాలాలు వెడల్పు చేశారు, గోడలు కట్టారు. నీరు త్వరగా పోవాలన్నది ఉద్దేశం. త్వరగా పోతే మంచిదే, బస్తీలు మునగవు. కానీ ఏ నీరు త్వరగా పోతోంది అన్నది ఇంకా ఎవరూ విడదీసి చూడలేదు. 1909 నాటి నివేదికకి చెరువులు లెక్కపెట్టినట్టు ఇప్పుడెవరైనా నాలా పక్కన చెత్త ఆగే చోట్లన్నీ లెక్కపెడితే, వాలు ఎటుంది, కప్పు ఉందా, గుంట ఎంత, ట్యాంకరు ఎప్పుడొస్తుంది అని నాలుగు గడుల పట్టిక రాస్తే చాలు. వారం రోజుల పని.

మాకూ ఈ ఊరికీ ఉన్న నీటి సంబంధం వేరే ఉంది. మా వైపు నారింజ వాగు సరిహద్దు దాటి బీదర్ జిల్లాలో కారంజాగా మారి మంజీరలో కలుస్తుంది. మంజీర మళ్లీ తెలంగాణలోకి తిరిగొచ్చి సింగూరు చేరుతుంది. సింగూరు నీళ్లు హైదరాబాద్ నల్లాల్లోకి. అంటే మా దిక్కు పడ్డ వాన కర్ణాటక పోయొచ్చి ఈ ఊరి గ్లాసులోకి దిగుతుంది. ఈ ఊరు వదిలిన వాన మూసీలో పడి నల్గొండ జిల్లా గుండా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ దారి పొడుగునా ఆ నీళ్లతోనే వరి, పశువుల గడ్డి పండిస్తారు.

పోయిన ఏడు, అంటే 2025 సెప్టెంబరు 27న, దసరాకి ఊరికి పోదామని బ్యాగు సర్దుకున్నాను. ముందు రోజు రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తారు, మూసీ ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చింది. ప్లాట్‌ఫారాల మీద నీళ్లు, ప్రయాణికుల్ని తాళ్లతో దాటించారు, బస్సులు ఆపేశారు. 1908 వరదకి నూటపదిహేడేళ్లు నిండటానికి ఒక్కరోజు తక్కువ. టీవీలో మునిగిన బస్టాండు చూపిస్తుంటే నేను దాని పక్కన ఏముందో, అది ఎంత మునిగిందో వెతుకుతున్నాను. కెమెరా అటు తిరగలేదు.

నాయినకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. బస్సు సంగతి ఆయన అడగలేదు.

"గన్ని నీళ్లు ఎటు వోయినయ్‌రా?"

"నల్గొండ దిక్కు."

"అన్నీ గలిసేనా?"

అన్నీ కలిసే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఇక్కడ కూడా మబ్బు పట్టింది, కుప్ప కింది ఒడ్డు ఒక దగ్గర తెగింది, చీకటి పడకముందే మట్టి వెయ్యాలె అని ఫోన్ పెట్టేశాడు.